సభ్యత్వం ముగిసేలోపు ‘ఉచిత’ గేమ్‌లను చక్కబెట్టుకోవడం ఎలా?

ప్లేస్టేషన్ ప్లస్, ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ వంటి సేవలకు చందా కట్టేవారికి ఆ చందాతో పాటు పెద్ద సంఖ్యలో గేమ్‌లు వేరే ధర లేకుండా అందుతాయి. మూడేళ్లు సభ్యులుగా ఉన్నవారి లైబ్రరీలో ఇలా చేరిన గేమ్‌లు వందకు చేరడం మామూలే. చందా ఆగిన రోజున వాటిలో చాలావాటికి తాళం పడుతుంది, కొన్నింటికి మాత్రం ఏమీ కాదు, ఇంకొన్ని మళ్లీ చందా కట్టినా తిరిగి రావు. ఈ మూడు రకాలూ తెరపై పక్కపక్కనే ఇంచుమించు ఒకే తీరున కనిపిస్తాయి కనుక, ఏది ఏ రకమో గడువు తీరకముందే విడదీసుకోవడం అవసరం. ఆ పని ఎలా చేయాలో, సేవ్ ఫైళ్లను (గేమ్‌లో మీరు ఎంతవరకు వచ్చారో నమోదై ఉండే ఫైళ్లను) ఎలా కాపాడుకోవాలో, దేన్ని కొనుక్కోవాలో, దేన్ని వదిలేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. నియమాలు అన్నింటికన్నా చిక్కుగా ఉన్నది ప్లేస్టేషన్ ప్లస్‌లో కాబట్టి ప్రధానంగా దానినే తీసుకుని, మిగిలిన సేవల్లో ఉన్న తేడాలను తరువాత చెబుతాను.

1. ఏ గేమ్ ఏ దారిన వచ్చిందో విడదీయండి

ప్లేస్టేషన్ ప్లస్‌ను సోనీ 2010లో ప్రారంభించి, 2022 జూన్‌లో శ్రేణులుగా విడగొట్టింది. మన దేశంలో ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్ అనే మూడు శ్రేణులున్నాయి. అమెరికా వంటి దేశాలలో డీలక్స్ స్థానంలో ప్రీమియం ఉంటుంది. మీరు ఏ శ్రేణిలో ఉన్నారన్న దానికన్నా, మీ లైబ్రరీలోని ఒక్కొక్క గేమ్ ఏ శ్రేణి ద్వారా, ఏ పద్ధతిలో వచ్చిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మొదటి పద్ధతి నెలవారీ గేమ్‌లు. ఇవి మూడు శ్రేణుల వారికీ దక్కుతాయి. సాధారణంగా ప్రతి నెలా మొదటి మంగళవారం కొత్తవి వస్తాయి, తరువాతి జట్టు వచ్చేదాకా వాటిని లైబ్రరీలో చేర్చుకునే వీలుంటుంది. ఆ గడువులో చేర్చుకున్న గేమ్ మీ సభ్యత్వం నడుస్తున్నంత కాలం మీ చేతిలో ఉంటుంది. సభ్యత్వం ఆగితే తాళం పడుతుంది, ఏడాది తరువాత తిరిగి చేరినా ఆ తాళం ఊడిపోతుంది. తిరిగి చేరేది అన్నింటికన్నా చవకైన ఎసెన్షియల్ శ్రేణిలోనైనా సరే, పాత నెలవారీ గేమ్‌లన్నీ మళ్లీ తెరుచుకుంటాయి. చందా ఆపాలా వద్దా అని తూచుకునేటప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇదే.

రెండవ పద్ధతి గేమ్ కేటలాగ్. ఇది ఎక్స్‌ట్రా, ఆ పైశ్రేణి వారికే ఉంటుంది. వందల గేమ్‌లున్న ఈ జాబితా నుంచి దేన్నయినా డౌన్‌లోడ్ చేసుకుని ఆడవచ్చు గానీ, దానికి రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి: మీ సభ్యత్వం నడుస్తూ ఉండాలి, ఆ గేమ్ కేటలాగ్‌లో మిగిలి ఉండాలి. రెండవది మీ చేతిలో లేదు. సోనీకీ గేమ్ ప్రచురణ సంస్థకూ మధ్య ఒప్పందం తీరిన రోజున ఆ గేమ్ జాబితా నుంచి వెళ్లిపోతుంది. అప్పుడు మీరు పూర్తి చందా కట్టిన సభ్యులే అయినా, గేమ్ మీ కన్సోల్‌లో (ప్లేస్టేషన్ యంత్రంలో) ఇన్‌స్టాల్ అయి ఉన్నా, అది తెరుచుకోదు. డీలక్స్‌లోని పాత తరం క్లాసిక్ గేమ్‌లకూ, కొన్ని గంటలు మాత్రమే ఆడనిచ్చే గేమ్ ట్రయల్స్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

మూడవ పద్ధతి, సభ్యులకు మాత్రమే ఇచ్చే తగ్గింపు ధరపై డబ్బు పెట్టి కొన్నవి. తగ్గింపు సభ్యత్వం వల్ల వచ్చిందే అయినా కొనుగోలు కొనుగోలే. చందా ఆగినా ఇవి పోవు. నాలుగవది, ఫోర్ట్‌నైట్ లాంటి అందరికీ ఉచితమైన గేమ్‌లు. వీటికి సభ్యత్వంతో సంబంధమే లేదు, ఆన్‌లైన్‌లో ఆడడానికి కూడా ప్లస్ చందా అక్కర్లేదు.

విడదీయడానికి ప్లేస్టేషన్ 5లో గేమ్ లైబ్రరీని తెరవండి. సభ్యత్వం ద్వారా వచ్చిన గేమ్‌ల పక్కన ప్లస్ గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఉన్నవాటిని ఒక కాగితం మీద రాసుకుని, ప్రతిదాని ఎదుటా ‘నెలవారీ’, ‘కేటలాగ్’ అని గుర్తు పెట్టుకోండి. గుర్తుకు రాకపోతే ఖాతాలోని లావాదేవీల చరిత్ర చూడండి, మీరు డబ్బు చెల్లించి కొన్నవేవో అక్కడ తేలిపోతాయి. అన్ని గేమ్‌లకూ ఈ శ్రమ అక్కర్లేదు. ఇక మీదట ఆడాలనుకుంటున్నవి ఎన్నో ఉండవు, వాటికి చేస్తే చాలు.

ఈ రెండు పద్ధతులకూ మధ్య ఉండే సందిగ్ధానికి ప్లేస్టేషన్ ప్లస్ కలెక్షన్ మంచి ఉదాహరణ. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చిన ఈ గేమ్‌ల గుత్తిని సోనీ 2023 మే 9న ఆపివేసింది. ఆ తేదీలోపు లైబ్రరీలో చేర్చుకున్నవారు సభ్యత్వం ఉన్నంత కాలం వాటిని ఆడుకోగలరు, చేర్చుకోనివారికి ఆ దారి మూసుకుపోయింది. డౌన్‌లోడ్ చేశారా లేదా అన్నది కాదు, గడువులోపు చేర్చుకున్నారా లేదా అన్నదే తేడా తెచ్చింది.

2. గడువు తేదీని, ఆటో డెబిట్ స్థితిని సరిచూసుకోండి

ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అకౌంట్, పేమెంట్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ అనే వరుసలో వెళితే సభ్యత్వం ఏ తేదీ వరకు ఉందో, ఆటో రెన్యువల్ నడుస్తోందో లేదో కనిపిస్తుంది. ఆపేయాలని నిశ్చయించుకున్నవారు ఆటో రెన్యువల్‌ను ఈ రోజే తీసివేయవచ్చు. అప్పటికే చెల్లించిన కాలం పూర్తయ్యేదాకా అన్ని సౌకర్యాలూ కొనసాగుతాయి. చివరి రోజు దాకా ఆగి మరచిపోయి, ఏడాది చందా కోత పడిన తరువాత చింతించడం కన్నా ఇదే మేలు.

కొనసాగించాలనుకునేవారికి దీనికి ఎదురు సమస్య ఉంది. భారతీయ రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ఆటో డెబిట్ నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం కార్డుపై పునరావృత చెల్లింపును మొదట ఓటీపీతో నమోదు చేయాలి, ఆపైన ప్రతి కోతకూ కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు తెలియజేయాలి. ఓటీపీ లేకుండా కోసుకునే పరిమితిని 2022 జూన్‌లో 5,000 రూపాయల నుంచి 15,000కు పెంచారు కాబట్టి ఏడాది చందాకు కూడా సాధారణంగా అడ్డు ఉండదు. అయితే కార్డు గడువు తీరినా, బ్యాంకు కొత్త కార్డు పంపినా, ఖాతాలో సొమ్ము చాలకపోయినా కోత విఫలమై, మీరు ఆపమనకుండానే సభ్యత్వం ఆగిపోతుంది. అలా ఆగిపోయిన సంగతి శనివారం రాత్రి స్నేహితులతో ఆడబోయేటప్పుడు తెలియడం సరదా కాదు. గడువుకు వారం ముందు కార్డు వివరాలు ఒకసారి చూసుకోండి.

3. చేర్చుకోగలిగినవన్నీ చేర్చుకోండి

సభ్యత్వం ముగిసే నెలలో కూడా నెలవారీ గేమ్‌లు వస్తాయి. ఇప్పుడు ఆడే ఉద్దేశం లేకపోయినా, డిస్కులో చోటు లేకపోయినా, వాటిని లైబ్రరీకి చేర్చండి. చేర్చడానికి డౌన్‌లోడ్ అవసరం లేదు, ఫోన్‌లోని ప్లేస్టేషన్ యాప్ నుంచో బ్రౌజర్ నుంచో చేర్చినా సరిపోతుంది. మీ దగ్గర ఉన్నది ప్లేస్టేషన్ 4 అయినా, ప్లేస్టేషన్ 5 గేమ్‌ను కూడా ఇలా చేర్చి ఉంచుకోవచ్చు. రెండేళ్ల తరువాత తిరిగి సభ్యులైతే ఇవన్నీ మీకోసం ఉంటాయి. సభ్యత్వం లేని నెలల్లో వచ్చిన గేమ్‌లు మాత్రం ఆ నెలలతోనే పోతాయి, వాటిని వెనక్కి వెళ్లి చేర్చుకోవడం కుదరదు.

ఇంకో జాగ్రత్త. సభ్యత్వం నెల మొదటి మంగళవారానికి ఒకటి రెండు రోజుల ముందు ముగిసేలా ఉంటే, తరువాతి నెల జట్టు మీకు దక్కదు. ఆ జట్టులో మీరు ఎదురుచూస్తున్న గేమ్ ఉందని ప్రకటన వస్తే (ప్రకటన సాధారణంగా ముందటి వారంలోనే వస్తుంది), ఒక్క నెల చందా కట్టి దాన్ని చేర్చుకోవడం కొన్నిసార్లు లాభమే. అయితే ఒక్క గేమ్ కోసం ఏడాది చందాలోకి జారిపోకండి.

4. సేవ్ ఫైళ్లను కాపాడుకోండి

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. చందా ఆగినప్పుడు గేమ్‌కు తాళం పడుతుంది గానీ, మీరు ఆడి సాధించిన పురోగతి చెరిగిపోదు. అద్దె ఇంటికి యజమాని తాళం వేసినా లోపలి సామాను మీదే అయినట్టు, సేవ్ ఫైలు మీదే. కాకపోతే అది ఎక్కడ ఉందో, ఆ చోటికి చందా లేకుండా చేరగలరో లేదో ముందే చూసుకోవాలి.

ప్లేస్టేషన్‌లో సేవ్ ఫైలు రెండు చోట్ల ఉండవచ్చు: కన్సోల్‌లోనూ, సోనీ క్లౌడ్‌లోనూ. కన్సోల్‌లో ఉన్న ప్రతికి ఏమీ కాదు. గేమ్‌ను తొలగించినా సేవ్ ఫైలు విడిగా మిగిలే ఉంటుంది. క్లౌడ్ మాత్రం ప్లస్ సభ్యులకు ఇచ్చే సౌకర్యం. సభ్యత్వం ఆగగానే అక్కడికి ఎక్కించడమూ అక్కడి నుంచి దించుకోవడమూ రెండూ ఆగిపోతాయి, ఆ ప్రతులను సోనీ ఎల్లకాలమూ దాచి ఉంచదు. కాబట్టి ఏదైనా సేవ్ ఫైలు క్లౌడ్‌లో మాత్రమే ఉండి కన్సోల్‌లో లేకపోతే (పాత కన్సోల్ అమ్మేసి కొత్తది కొన్నవారికి ఇలా జరుగుతుంది), దాన్ని గడువులోపు తప్పక దించుకోండి. సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా అండ్ గేమ్ యాప్ సెట్టింగ్స్ తెరిస్తే ప్లేస్టేషన్ 4 గేమ్‌ల ఫైళ్లూ ప్లేస్టేషన్ 5 గేమ్‌ల ఫైళ్లూ వేరువేరు జాబితాలుగా ఉంటాయి. రెండింటినీ చూడండి.

దించుకున్న తరువాత రెండవ ప్రతి ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. ప్లేస్టేషన్ 4 గేమ్‌ల సేవ్ ఫైళ్లను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ప్లేస్టేషన్ 4లోనే కాదు, ఆ గేమ్‌ను ప్లేస్టేషన్ 5లో ఆడుతున్నా ఈ వీలు ఉంది. పెన్ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. ప్లేస్టేషన్ 5 గేమ్‌ల సేవ్ ఫైళ్లను మాత్రం సోనీ ఇలా విడివిడిగా పెన్ డ్రైవ్‌లోకి తీయనివ్వదు. వాటిని బయటకు తీయాలంటే కన్సోల్ మొత్తాన్ని బ్యాకప్ తీసుకోవడం ఒక్కటే దారి. సిస్టమ్ విభాగంలో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కింద బ్యాకప్ అండ్ రిస్టోర్ ఉంటుంది. ఆ బ్యాకప్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు కన్సోల్‌లో అప్పటికి ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. ఒక్క సేవ్ ఫైలు కోసం ఇంత తతంగం పెట్టడం వినియోగదారుని చందాకు కట్టిపడేయడానికే తప్ప మరే సౌకర్యానికీ కాదని నా అభిప్రాయం. కన్సోల్ మారుస్తున్నవారికి ఇంకో మార్గం ఉంది: పాత ప్లేస్టేషన్ 5 నుంచి కొత్తదానికి ఇంటి నెట్‌వర్క్ ద్వారా డేటాను బదిలీ చేసుకోవచ్చు, దానికి చందా అవసరం లేదు.

ఇంట్లో ఒకే కన్సోల్‌ను పలువురు వాడుతుంటే మరొక సంగతి చూడాలి. కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే నాన్న ఖాతాలోని ప్లస్ గేమ్‌లను పిల్లలు తమ ఖాతాల్లోంచి ఆడుకోవచ్చు. నాన్న సభ్యత్వం ముగిసిన రోజున అందరికీ ఒకేసారి తాళం పడుతుంది. అయితే క్లౌడ్ నిల్వ ఇలా పంచుకునేది కాదు. సొంత సభ్యత్వం లేని పిల్లల సేవ్ ఫైళ్లు మొదటి నుంచీ ఆ కన్సోల్‌లో మాత్రమే ఉంటాయి. కన్సోల్‌ను రీసెట్ చేసేముందో అమ్మేముందో పిల్లల ఖాతాలను కూడా ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.

ట్రోఫీల (గేమ్‌లో లక్ష్యాలు సాధించినందుకు దక్కే గుర్తింపుల) గురించి బెంగ అక్కర్లేదు, అవి మీ ఖాతాకు అంటిపెట్టుకుని ఉంటాయి.

5. ఏది కొనాలో, ఏది వదలాలో తేల్చుకోండి

జాబితా చేతిలో ఉంది, సేవ్ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు సగంలో ఉన్న గేమ్‌లను చూడండి. కేటలాగ్ ద్వారా వచ్చి, పదీ ఇరవై గంటల్లో పూర్తయ్యే కథా గేమ్ అయితే, కొనడం కన్నా గడువులోపు పూర్తి చేయడమే ఉత్తమం. మిగిలిన వారాలను దానికే కేటాయించండి. కేటలాగ్‌లో త్వరలో వెళ్లిపోయే గేమ్‌లను చూపే ‘లాస్ట్ ఛాన్స్ టు ప్లే’ అనే వరుస ఉంటుంది. మీ గేమ్ అందులో ఉందేమో మొదట చూసుకోండి, ఎందుకంటే దాని గడువు మీ సభ్యత్వ గడువుకన్నా ముందే రావచ్చు.

ఏడాది పొడవునా ఆడే క్రీడా గేమ్ గానీ, పిల్లలు పదేపదే తెరిచే గేమ్ గానీ అయితే కొనుక్కోవడమే మంచిది. కొనదలిస్తే సభ్యత్వం ఉండగానే కొనండి, సభ్యులకు మాత్రమే వర్తించే తగ్గింపులు ఆ తరువాత ఉండవు. ప్లేస్టేషన్ స్టోర్‌లో మే, జూన్ నెలల ప్రాంతంలో వచ్చే డేస్ ఆఫ్ ప్లే, సంవత్సరాంతపు అమ్మకాలలో పాత గేమ్‌ల ధరలు బాగా తగ్గుతాయి. మీ కన్సోల్‌కు డిస్క్ డ్రైవ్ ఉంటే సెకండ్ హ్యాండ్ డిస్క్ ఇంకా చవక, ఆడడం ముగిశాక తిరిగి అమ్ముకోవచ్చు కూడా. డిస్క్ కొనేటప్పుడు ఒక మెలిక ఉంది: సేవ్ ఫైలూ, అదనపు కంటెంటూ ఆ గేమ్ ఏ ప్రాంతపు ముద్రణ, ఏ తరపు ముద్రణ అన్నదానికి ముడిపడి ఉంటాయి. మీరు ఆడింది భారతీయ స్టోర్ నుంచి వచ్చిన ప్లేస్టేషన్ 5 గేమ్ అయి, కొన్నది వేరే ప్రాంతపు ప్లేస్టేషన్ 4 డిస్క్ అయితే, పాత సేవ్ ఫైలును అది గుర్తించకపోవచ్చు.

అదనపు కంటెంట్ మాట వచ్చింది కనుక: నెలవారీగా వచ్చిన గేమ్‌కు మీరు డబ్బు పెట్టి కొన్న విస్తరణ ప్యాక్ చందా ఆగినా మీదే, కానీ మూల గేమ్‌కు తాళం పడి ఉంటే ఆ ప్యాక్ ఎందుకూ పనికిరాదు. ‘ఉచిత’ గేమ్‌కు వెయ్యి రూపాయల ప్యాక్ కొనడమంటే ఆ వెయ్యిని కూడా చందాకు కట్టివేయడమే. ప్యాక్ కొనాలనిపించేంతగా నచ్చిన గేమ్‌ను ముందు కొని, ప్యాక్‌ను ఆ తరువాత కొనడం సరైన వరుస.

కొనేముందు ఆ గేమ్ ఇప్పుడు అందరికీ ఉచితమైందేమో కూడా చూడండి. రాకెట్ లీగ్ 2015 జూలైలో ప్లస్ నెలవారీ గేమ్‌గా వచ్చి, 2020 సెప్టెంబరులో అందరికీ ఉచితమైంది. 2020 ఆగస్టులో నెలవారీ గేమ్‌గా వచ్చిన ఫాల్ గైస్ 2022 జూన్‌లో అదే దారి పట్టింది. దీనికి భిన్నంగా కొన్ని గేమ్‌లు లైసెన్సు కారణాల వల్ల స్టోర్ నుంచే మాయమవుతాయి. వాటిని కొనాలన్నా కొనలేరు, లైబ్రరీలో చేర్చుకుని ఉంటే తిరిగి సభ్యులు కావడం ఒక్కటే మార్గం.

స్టోర్‌లో కొన్నది కూడా చట్టం దృష్టిలో లైసెన్సే తప్ప సొత్తు కాదని వాదించేవారున్నారు, వారి మాట నిజమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి అమలుచేస్తున్న చట్టం, డిజిటల్ సరుకు విషయంలో ‘కొనుగోలు’ అనే మాట వాడే దుకాణాలు అది లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టం చేయాలంటుంది. అయినా నెలనెలా కడితేనే తెరుచుకునే లైసెన్సుకూ, ఒక్కసారి కడితే సరిపోయే లైసెన్సుకూ ఆడేవారికి చాలా తేడా ఉంది.

6. పూర్తిగా ఆపడానికి ముందు కింది శ్రేణిని లెక్కవేయండి

2022లో మన దేశంలో శ్రేణులు మొదలైనప్పుడు నెల చందా ఎసెన్షియల్‌కు 499 రూపాయలు, ఎక్స్‌ట్రాకు 749, డీలక్స్‌కు 849. తరువాత ధరలు మారాయి కాబట్టి నేటి ధరను స్టోర్‌లోనే చూడండి, ఎసెన్షియల్ అడుగున ఉండడం మాత్రం మారలేదు. మీ కాగితం మీద ‘నెలవారీ’ అని రాసుకున్నవే ఎక్కువగా ఉంటే, ఎక్స్‌ట్రా నుంచి ఎసెన్షియల్‌కు దిగితే చాలు, అవన్నీ తెరుచుకునే ఉంటాయి, క్లౌడ్ నిల్వా ఆన్‌లైన్ ఆటా కొనసాగుతాయి. దిగడం వెంటనే అమలు కాదు, తరువాతి చెల్లింపు తేదీ నుంచి అమలవుతుంది. అప్పటిదాకా కేటలాగ్ మీ చేతిలోనే ఉంటుంది.

‘కేటలాగ్’ అని రాసుకున్నవే ఎక్కువైతే ఎసెన్షియల్‌కు దిగడంలో అర్థం లేదు. అలాంటివారు పూర్తిగా ఆపి, పరీక్షల తరువాతో సెలవుల్లోనో ఒక్క నెల ఎక్స్‌ట్రా కట్టి, కావలసినవి ఆడుకుని మళ్లీ ఆపడం మేలు.

7. గడువు తీరిన తరువాత

గేమ్‌ల బొమ్మల మీద తాళం గుర్తు కనిపిస్తుంది. ఇంటర్నెట్ తీసేస్తే తెరుచుకుంటాయేమోనని ప్రయత్నించకండి, లైసెన్సులోనే గడువు తేదీ ఉంటుంది. చోటు కావాలంటే గేమ్‌లను తొలగించండి, సేవ్ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. చందా ఆగిందన్న కోపంతో ఖాతాను మూసేయడమూ, కొత్త ఖాతా తెరిచి దాంట్లో చందా కట్టడమూ అన్నింటికన్నా నష్టం కలిగించే పనులు, ఎందుకంటే పాత నెలవారీ గేమ్‌లన్నీ పాత ఖాతాకే చెంది ఉంటాయి.

డబ్బు పెట్టి కొన్న గేమ్‌లు కూడా చాలావరకు ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడడానికి ప్లస్ చందా అడుగుతాయి. గేమ్ తెరుచుకుని మల్టీప్లేయర్ మాత్రమే పనిచేయకపోతే అది లోపం కాదు.

8. మీ సేవ వేరైతే గమనించవలసిన తేడాలు

ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ 2017లో మొదలైంది. ప్లేస్టేషన్ కేటలాగ్ లాగానే ఇందులోనూ గేమ్‌లు వస్తూ పోతూ ఉంటాయి. గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5 ఇందులోకి పలుమార్లు వచ్చి పలుమార్లు వెళ్లిపోయింది. వెళ్లేవాటిని ‘లీవింగ్ సూన్’ వరుసలో సుమారు రెండు వారాల ముందు చూపుతారు. సేవ్ ఫైళ్ల విషయంలో మాత్రం మైక్రోసాఫ్ట్ ఉదారంగా ఉంది: ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్‌కు చందా అక్కర్లేదు, రేపు అదే గేమ్‌ను కొన్నా ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. కంప్యూటర్‌లో ఆడేవారికి ఈ భరోసా సగమే. గేమ్ పాస్‌లో ఆడి, తరువాత అదే గేమ్‌ను స్టీమ్ అనే కంప్యూటర్ గేమ్‌ల దుకాణంలో కొంటే చాలా గేమ్‌లలో పాత సేవ్ దానంతటది రాదు. స్టీమ్‌లో ధర తక్కువగా ఉందని తొందరపడేముందు ఆ గేమ్‌లో సేవ్ బదిలీ కుదురుతుందో లేదో తెలుసుకోండి.

ఎక్స్‌బాక్స్ చందాదారులకు నెలనెలా గేమ్‌లు ఇస్తూ 2013 నుంచి 2023 వరకు నడిచిన గేమ్స్ విత్ గోల్డ్ పథకంలో ఒక వింత ఉంది. అందులో తీసుకున్న ఎక్స్‌బాక్స్ 360 గేమ్‌లు చందా లేకపోయినా శాశ్వతంగా ఉంటాయి, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్‌లు మాత్రం చందా ఉంటేనే తెరుచుకుంటాయి. పాత సభ్యులు తమ లైబ్రరీని ఒకసారి వెదికితే మరచిపోయిన 360 గేమ్‌లు దొరకవచ్చు.

నింటెండో స్విచ్ ఆన్‌లైన్ మన దేశంలో అధికారికంగా లేదు గానీ విదేశాల్లోని తెలుగు ఇళ్లలో పిల్లల చేతుల్లో స్విచ్ ఉంటుంది. ఇందులోని పాత తరం గేమ్‌లు వారానికి ఒకసారైనా ఇంటర్నెట్‌కు తగిలి సభ్యత్వాన్ని సరిచూసుకుంటాయి. సభ్యత్వం ముగిస్తే ఆగిపోతాయి. క్లౌడ్‌లోని సేవ్ ఫైళ్లు 180 రోజుల్లోపు తిరిగి చేరినవారికి దక్కుతాయి. ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అనే పైశ్రేణి చందా ద్వారా వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ అదనపు ట్రాకులు కూడా చందాతోనే పోతాయి.

అమెజాన్ ప్రైమ్‌తో పాటు వచ్చే గేమ్‌లు దీనికి పూర్తిగా భిన్నం. మన దేశంలో 2022 డిసెంబరులో ప్రైమ్ గేమింగ్ పేరుతో మొదలై, 2025లో లూనా పేరు కిందికి వెళ్లిన ఈ సేవలో మీరు ‘క్లెయిమ్’ చేసుకున్న కంప్యూటర్ గేమ్‌లు ప్రైమ్ ఆపినా ఉంటాయి. కానీ జీఓజీ, ఎపిక్ వంటి దుకాణాల కోడ్ రూపంలో ఇచ్చినవాటిని ఆయా దుకాణాల్లో నమోదు చేస్తేనే మీవవుతాయి, ఆ కోడ్‌లకు గడువు ఉంటుంది. ప్రైమ్ ఆపేముందు నమోదు చేయని కోడ్‌లు ఏమైనా మిగిలాయేమో చూసుకోండి. ఎపిక్ 2018 డిసెంబరు నుంచి ఇస్తున్న ఉచిత గేమ్‌లకు సభ్యత్వమే లేదు కాబట్టి చింతించవలసిందీ లేదు.

ఫోన్‌లో ఆడేవారికి ఆపిల్ ఆర్కేడ్, గూగుల్ ప్లే పాస్, నెట్‌ఫ్లిక్స్ గేమ్‌లు మూడూ ఒకే తీరు: చందా ఆగితే, ఫోన్‌లో ఉన్నా తెరుచుకోవు. ప్లే పాస్ ద్వారా ప్రకటనలు లేకుండా ఆడిన ఉచిత గేమ్‌లు మాత్రం మామూలు గేమ్‌లుగా మారి, ప్రకటనలతో తిరిగి పలకరిస్తాయి.

9. తిరిగి చేరేటప్పుడు

పాత ఖాతాతోనే లాగిన్ అయి చందా కట్టండి. చాలావరకు తాళాలు వెంటనే ఊడిపోతాయి. ఊడకపోతే ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్ కింద ఉన్న రిస్టోర్ లైసెన్సెస్ మీట నొక్కండి. తరువాత కన్సోల్‌లోని సేవ్ ఫైలుకూ క్లౌడ్‌లో మిగిలి ఉన్న పాత ప్రతికీ తేడా ఉందని కన్సోల్ అడిగితే, తేదీలు చూసి కొత్తదాన్ని ఉంచుకోండి. కంగారులో పాత ప్రతిని ఎంచుకుంటే, చందా లేని కాలంలో సొంత డిస్క్ మీద ఆడిన ఆటంతా పోతుంది.

చదువుకో ఉద్యోగానికో దేశం మారినవారికి ఇక్కడ ఒక అడ్డంకి ఎదురవుతుంది. సోనీ ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశాన్ని తరువాత మార్చుకోవడం కుదరదు. హైదరాబాదులో తెరిచిన ఖాతాతో డాలస్ వెళ్లినవారు అక్కడి బ్యాంకు కార్డుతో భారతీయ స్టోర్‌లో చందా కట్టబోతే సాధారణంగా తిరస్కరణే ఎదురవుతుంది. భారతదేశపు ప్లేస్టేషన్ గిఫ్ట్ కార్డును నమ్మకమైన దుకాణం నుంచి కొని, ఆ సొమ్మును ఖాతా వాలెట్‌లో వేసుకుని చందా కట్టడం తేలికైన మార్గం. అమెరికాలో కొత్త ఖాతా తెరిచినవారు పాతదాన్ని కూడా అదే కన్సోల్‌లో ఉంచుకుని, ఏ చందా ఏ ఖాతాపై నడుస్తోందో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఒక ఖాతాకు కట్టిన చందా మరో ఖాతాలో చేర్చుకున్న నెలవారీ గేమ్‌ల తాళం తీయదు.